ప్లగ్గు పీకిన పండగ

నేను ఒక ఫ్రీజరుని. ఐస్‌క్రీములు దాచుకునే బాపతు అనుకునేరు, ఒళ్లు మండుతుంది. నా కడుపులో చలి సున్నాకి ఎనభై డిగ్రీలు కింద. విదేశంలో పుట్టి, ఓడెక్కి, విశాఖపట్నంలో మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసే ఓ సంస్థకి వచ్చాను. ఇప్పుడు పాత ఇనుప కొట్టులో పడున్నాను. ఎందుకో చెబుతాను, వినండి.

నాలో దాచినవి మనుషుల మెదళ్లు. చనిపోయాక ఇంటివాళ్లు ఇచ్చినవి. అలా ఇచ్చేవాళ్లు చాలా అరుదు. గౌరునాయుడు మెదడు అలా వచ్చిందే. ఆయన కరెంటు లైన్‌మన్. యాభై దాటకుండానే మతి తప్పింది. భార్య పేరు మరిచిపోయాడు గానీ ఉద్యోగం మరవలేదు. షాక్ కొడుతుందని ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసేవాడట. ఆయన తండ్రికీ ఇదే జబ్బు. ఆయన పోయినరోజు, తల కోయిస్తే ఊరుకోమని తమ్ముళ్లు అడ్డం పడ్డారు. భార్య పైడమ్మ శవం పక్కన నిలబడి ఏమందో డాక్టర్లు నా ముందే చెప్పుకున్నారు.

"మావకొచ్చింది, ఈయనకొచ్చింది. రేపు నా కూతురికొస్తే మీరొచ్చి సూస్తారేటి? డాక్టర్లని సూడనీండి."

ఆ కుటుంబం జబ్బు సంగతి తేల్చడానికి ఉన్నది ఆ మెదడొక్కటే. దాన్ని కంటికి రెప్పలా కాశాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ. మెదడు గురించి దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చే డైరెక్టరు చక్రపాణి గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. నాకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఒంటినిండా రంగు బల్బులు చుట్టించారు. బల్బులకి సాకెట్టు ఖాళీ లేదు. ఆయనే స్వహస్తాలతో నా ప్లగ్గు పీకి వాటిది పెట్టారు! నా అలారానికున్న బ్యాటరీ మీద కుయ్యోమని మొత్తుకున్నాను.

"మంత్రాల మధ్య ఏమిటయ్యా ఈ గోల? ఆపండి" అన్నారు.

నా అలారం నోరు నొక్కారు. హారతిచ్చి, పులిహోర తిని, సెలవులకి వెళ్లిపోయారు. దండం పెట్టి మరీ నా గొంతు కోశారు.

సెలవులయ్యాక తలుపు తీస్తే కుళ్లు వాసన. అందరూ ముందు ముక్కు మూసుకున్నారు, తర్వాత నోరు మూసుకున్నారు. యంత్రం పాడైందని తేల్చి, నన్ను వరండాలోకి గెంటారు. సిగ్గన్నా ఉండాలి!

కార్తీకంలో పైడమ్మ వచ్చింది, ఏమైనా తేలిందా అని.

"ఫ్రీజరు ఉన్నట్టుండి చెడిపోయిందమ్మా. మీవారి మెదడు పాడైపోయింది. మేమేం చేయగలం?" అన్నారు డైరెక్టరు, నన్ను చూపిస్తూ.

ఆవిడ ఏడవలేదు. నా దగ్గరికొచ్చింది. బొట్టు, ఎండిన దండ, ఇంకా విప్పని బల్బులు, కింద వేలాడుతున్న నా ప్లగ్గు, అన్నీ చూసింది. ఇంట్లో ఏది ఆగిపోయినా ఏళ్ల తరబడి ముందు ప్లగ్గు చూసుకున్న మనిషి.

"ఓపాలి ప్లగ్గెట్టి సూశారా, బాబూ?"

ఆయన నసుగుతుండగానే వంగి, గోడ సాకెట్టులో పెట్టి, స్విచ్చి వేసింది. నా మోటారు ఒక్కసారిగా గుర్రుమంది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

పైడమ్మ డైరెక్టరు వైపు తిరిగింది.

"మా ఆయన ప్లగ్గులు పీకితే జబ్బన్నారు. మరి మీకేటొచ్చింది?"

వెనకనుంచి ఎవరో నా స్విచ్చి ఆపేశారు.