హోయ్ట్ ఒప్పేసుకున్న ఆగస్టు

హోయ్ట్ మెక్‌లెండన్ పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటకీ తలూపిన మనిషి కాడు. ఆర్విల్ టిడ్‌వెల్ మాటకి అసలే ఊపడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, ఒకే చర్చికి వెళ్తారు, ఒకే పడవెక్కి చేపలు పడతారు. కానీ హోయ్ట్ కహాబా స్టేట్ మనిషి, ఆర్విల్ వైర్‌గ్రాస్ మనిషి. అలబామాలో వాళ్ళ జిల్లాలో పుట్టినవాడు ఈ రెండు కాలేజీల్లో ఏదో ఒక జట్టు పక్షాన ఉండి తీరాలి. చిత్రమేమిటంటే ఇద్దరిలో ఎవరూ ఆ కాలేజీల గడప తొక్కలేదు. హోయ్ట్ రోడ్ల శాఖలో దారులు కొలిచి కొలిచి రిటైరయ్యాడు. ఆర్విల్‌ది టైర్ల కొట్టు.

ఏటా ఎండలు ముదిరి, ఆగస్టు రాబోతుందనగా, కిరాణా కొట్టులో ఫుట్‌బాల్ పత్రికలు దిగుతాయి. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని కాలితో తన్నడం కంటే చేత్తో విసరడం, పట్టుకుని పరిగెత్తడం ఎక్కువుండే అమెరికా ఆట. ఆటలు మొదలవడానికి ఇంకా నెల పైనే ఉంటుంది. ఏ జట్టూ ఇంకా మైదానంలోకి దిగి ఉండదు. అయినా ఏ కాలేజీ దేశంలో ఎన్నో స్థానంలో నిలుస్తుందో పత్రికలవాళ్ళు ముందే తేల్చేస్తారు. వాళ్ళు తేల్చినదాన్ని తప్పని తేల్చడానికి ఆర్విల్, హోయ్ట్ కారు షెడ్డు కింద కూర్చుంటారు. పెద్ద ఫ్యాను ఒకటి గుయ్యిమంటూ వేడి గాలే తిప్పికొడుతుంటుంది. మధ్యలో ఐసు ముక్కలేసిన తియ్యటి టీ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. వాదన చీకటి పడేదాకా సాగుతుంది. వంటింట్లోంచి హోయ్ట్ భార్య వాన్సీల్, "మీరిద్దరూ ఇలా అరుచుకుంటే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తార్రా," అని కేకేస్తుంది. ఆవిడా ఆ బడిలో వాళ్ళతోపాటు చదివిందే.

ఈ ఏడు ఏప్రిల్‌లో హోయ్ట్‌కి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కోలుకుంది. కుడి చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది, జవాబు లోపలే ఉంటుంది, బయటికి దారి దొరకదు. మిగిలింది ఒక్క మాట. సరే. మంచినీళ్ళు కావాలన్నా సరే, వద్దన్నా సరే, నొప్పెడుతోందన్నా సరే. మాటలు నేర్పడానికి వారానికి రెండుసార్లు వచ్చే అమ్మాయి కప్పు బొమ్మా, కుక్క బొమ్మా చూపించి, "ఇదేంటో చెప్పండి హోయ్ట్ గారూ," అంటే, హోయ్ట్ ఆ బొమ్మల్ని, ఆ పిల్లనీ మార్చి మార్చి చూసి, విసుగ్గా "సరే" అనేవాడు.

పత్రిక రాగానే ఆర్విల్ కొన్నాడు. కొన్నాడేగానీ, వెళ్ళాలా వద్దా అని రెండ్రోజులు ట్రక్కులో ముందు సీటు మీదే పెట్టుకు తిరిగాడు. చివరికి వెళ్ళాడు. హోయ్ట్ కారు షెడ్డు కిందే ఉన్నాడు, కహాబా వాళ్ళ ఊదారంగు టోపీ పెట్టుకుని.

"చూశావా, మీవాళ్ళకి పదకొండో స్థానం ఇచ్చారు," అన్నాడు ఆర్విల్, పత్రిక తెరుస్తూ. "నన్నడిగితే ఇరవయ్యో స్థానమే ఎక్కువ. మావాళ్ళ పేరే ఎత్తలేదు వెధవలు. మావాళ్ళు ఈసారి మొదటి ఎనిమిదిలో ఉంటారు."

"సరే," అన్నాడు హోయ్ట్.

ఆర్విల్ వేరుశనక్కాయ ఒకటి వొలిచి నోట్లో వేసుకున్నాడు. "ఎనిమిదేంటి, అయిదులో ఉంటారు."

"సరే."

"ఒరే, దేశంలోనే మొదటి స్థానం మాది. ఒహాయోవాళ్ళూ, జార్జియావాళ్ళూ మా వెనక నిలబడాలి!"

"సరే. సరే."

నోరు సరే అంటోంది. కళ్ళు మాత్రం ఆర్విల్‌ని నిలువునా కాల్చేస్తున్నాయి. ఎడమ చెయ్యి కుర్చీ చేతిని దబదబా బాదుతోంది. ఆర్విల్‌కి ఇంక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో హోయ్ట్ మీద ఒక్క వాదన గెలిస్తే చాలనుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే గెలుస్తున్నాడు.  కొట్లో ఎవరో ఎదురుచూస్తున్నారని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాడు.

మళ్ళీ అటువైపు పోలేదు. హోయ్ట్ వాళ్ళ వీధి తప్పించుకుని ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం కొట్లో టైరుకి ప్యాచీ వేస్తుంటే వాన్సీల్ కారు వచ్చి ఆగింది. ఆవిడ దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"టైరు పోయిందా?" అన్నాడు ఆర్విల్.

"నువ్వు పోయావేమోనని చూడ్డానికొచ్చా. బతికే ఉన్నావే!"

"పని ఎక్కువగా ఉంది వాన్సీల్."

"అబద్ధాలు నీ నోటికి ఎప్పుడూ నప్పలేదు, ఇప్పుడు మొదలుపెట్టకు. ఆయన పొద్దున్నే టోపీ పెట్టుకుని షెడ్డు కింద కూర్చుంటున్నాడు. ట్రక్కు చప్పుడైతే చాలు మెడ తిప్పుతాడు. నా ఖర్మకి చెత్త బండి కూడా ట్రక్కే."

ఆర్విల్ చేతిలో పానా కింద పెట్టాడు. "నేనేమన్నా సరే అంటున్నాడు. నా వల్ల కాదు."

"నీ వల్ల కాదా? రోజంతా నేనే కదా వినేది," అంది వాన్సీల్.   "సాయంత్రం రా. టమాటా సాండ్‌విచ్‌లు చేస్తా. రాకపోతే నేనే వచ్చి మెడ పట్టుకు తీసుకెళ్తా."

సాయంత్రం వెళ్ళాడు. దారిలో ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. హోయ్ట్ వాదించలేడు కాబట్టి తనే ఓడిపోతే సరిపోతుంది. కూర్చోగానే, "నేను బాగా ఆలోచించా హోయ్ట్. మీవాళ్ళు ఈసారి మొదటి నాలుగులో ఉంటారు. బంతి విసిరే కుర్రాడు కోల్టర్ ఉన్నాడు, వాణ్ణి మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. మావాళ్ళదేముంది, ఉత్త దండగ," అన్నాడు.

హోయ్ట్ సరే అనలేదు. కుర్చీని కాళ్ళతో తోసుకుంటూ అటు తిప్పి, ఆర్విల్‌కి వీపు చూపించి, రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు.

వాన్సీల్ సాండ్‌విచ్‌ల పళ్ళెం బల్ల మీద ఠప్పున పెట్టింది. "ఆయన మాట పోయింది ఆర్విల్, బుర్ర పోలేదు. చంటిపిల్లాణ్ణి గెలిపించినట్టు గెలిపిస్తే ఒళ్ళు మండదా? నువ్వెప్పుడూ ఎలా వాగేవాడివో అలా వాగు."

"అటుపక్క ఎవరూ లేకుండా ఎలా వాగను?"

"నేను లేనా?" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "హోయ్ట్, ఇటు తిరుగు. నీ బదులు నేను వాదిస్తా. నాకేం తెలుసని నవ్వకు."

హోయ్ట్ మెల్లిగా తిరిగాడు. భార్య తన జట్టు పక్షాన వాదించడం ఆయన కలలో కూడా అనుకోని సంగతి. ఇన్నేళ్ళూ ఆవిడ ఆటల రోజుల్లో టీవీకి అడ్డం వచ్చి చీపురు తిప్పడమే ఆయన ఎరిగింది.

ఆర్విల్ మొదట మొహమాటపడ్డాడు. తర్వాత పాత అలవాటు ఊరుకోలేదు. "సరే, చెప్తా విను. కోల్టర్ గొప్పోడే, ఒప్పుకుంటా. కానీ బంతి విసరాలంటే వాడు నిలబడాలి కదా. వాణ్ణి కాచే ముందు వరుస ఏది? ఎదుటివాళ్ళు వచ్చి మీద పడితే వాడు బంతి విసరడు, దండం పెడతాడు!"

"ముందు వరుసకేమైంది? గోడలా ఉంటేనూ," అంది వాన్సీల్. "ఎడమవైపు ఆ పొడుగ్గా, ఎర్ర జుట్టు పిల్లాడు లేడూ, ప్రూయిట్. వాణ్ణి దాటి ఒక్కడు రాగలడా? ప్రూయిట్ ఉండగా మా కోల్టర్ చొక్కాకి మట్టి కూడా అంటదు."

"కాదు," అన్నాడు హోయ్ట్.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. హోయ్ట్ మొహం కందిపోయింది. తనే ఆ మాటకి ఉలిక్కిపడినట్టున్నాడు. ఎడమ చెయ్యి గాలిలో ఆడించాడు. పెదవులు ఏదో వెతుక్కున్నాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"కాదు. ప్రూ... ప్రూయిట్." ఊపిరి తీసుకున్నాడు. "పోయాడు."

నిజమే. చలికాలంలోనే ప్రూయిట్ కాలేజీ వదిలేసి డబ్బిచ్చే జట్లలోకి వెళ్ళిపోయాడు. ఆర్విల్‌కి తెలుసు. చెబుదామనుకుంటుండగానే హోయ్ట్ అందుకున్నాడు. వాన్సీల్‌కి నిజంగానే తెలీదు. రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంటూ, "పోయాడా? ఎప్పుడు పోయాడు? నాకెవరూ చెప్పలేదే!" అంది.

ఆర్విల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అరిస్తే గానీ తనకొచ్చే ఏడుపు ఆగేలా లేదు, అందుకని అరిచాడు. "విన్నావా వాన్సీల్! మీ ఆయనే ఒప్పుకున్నాడు! ఎడమవైపు మీకు ఖాళీ! వాకిలి తెరిచి పెట్టుకున్నారు!"

హోయ్ట్ నవ్వాడు. మొహంలో ఒక పక్కే నవ్వింది. అదే చాలనిపించింది.

ఇంటికి వెళ్తూ ఆర్విల్ రేడియో పెట్టుకోలేదు. నాలుగు నెలల తర్వాత ఒక మనిషికి మాట దొరికింది. దొరికిన ఆ రెండు మూడు మాటల్నీ సొంత జట్టుకే వ్యతిరేకంగా వాడాడు. వాన్సీల్ చెప్పింది తప్పు, తన జట్టుకి అనుకూలమైన తప్పు, ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాడు. ఇన్నేళ్ళూ హోయ్ట్ తన మీద గెలవడానికే అరుస్తున్నాడనుకున్నాడు ఆర్విల్. ఇప్పుడు పాత వాదనలన్నీ ఒక్కొక్కటే నెమరేసుకుంటే, హోయ్ట్ తన జట్టుని లేనిపోని ఎత్తు ఎత్తిన సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఎత్తింది తనే. ప్రతి ఏడూ వైర్‌గ్రాస్‌ని పదిలోపు నిలబెట్టి, చలికాలానికి మాట మార్చి, ఆటగాళ్ళ దెబ్బలనీ, రిఫరీలనీ, వాననీ తిట్టుకుంది తనే. ఈసారి జట్టు బాగాలేదని వసంతకాలం నుంచీ తెలుసు. తెలిసి కూడా, మాట పోయిన స్నేహితుడి ముందు కూర్చుని మొదటి స్థానం మాదే అన్నాడు. అది తలుచుకుంటే ట్రక్కులో ఒక్కడే ఉన్నా సిగ్గేసింది.

వాన్సీల్‌కి మాత్రం దారి దొరికినట్టయింది. మర్నాటి నుంచీ కావాలనే తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. కోల్టర్ ఎడమచేతివాడంది. కహాబా కోచ్ పేరు మార్చేసింది. హోయ్ట్ మొదటిరోజు రెండుసార్లు "కాదు" అన్నాడు. మూడోసారి ఆవిడ ఎత్తు పసిగట్టి, కళ్ళు చికిలించి, తాపీగా "సరే" అన్నాడు. ఆవిడ వేరుశనక్కాయ తొక్క ఒకటి ఆయన మీదకి విసిరింది. మాటలు నేర్పే అమ్మాయి కూడా కుక్క బొమ్మలు సంచిలో పెట్టేసి ఫుట్‌బాల్ పత్రిక తెచ్చుకుంది.

ఆగస్టు చివరికి వచ్చింది. ఏటా ఆ సమయానికి ఇద్దరూ తమ జట్లు పన్నెండు ఆటల్లో ఎన్ని గెలుస్తాయో చెప్పి తీరాలి. తప్పినవాడు ఎదుటివాడి టోపీ పెట్టుకుని చర్చి భోజనానికి రావాలి.

"నేనొకటి చెప్తాను, నవ్వకండి," అన్నాడు ఆర్విల్. గొంతు సవరించుకున్నాడు. "మావాళ్ళు ఈసారి అయిదు గెలిస్తే గొప్ప. అడ్డుకునే వరుసలో అందరూ కొత్త పిల్లలు. బంతి విసిరేవాడు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. కోచ్‌కి ఏం చేయాలో తోచట్లేదు. ఉన్నమాట అది."

వాన్సీల్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వింతగా చూసింది. "నీకు జ్వరమా?"

హోయ్ట్ మాత్రం ఆర్విల్‌నే చూస్తున్నాడు. మొన్న వీపు తిప్పినట్టు ఇవాళా తిప్పేస్తాడేమోనని ఆర్విల్ భయపడ్డాడు. ఇది జాలితో అంటున్న మాట కాదని ఎలా చెప్పాలో తోచలేదు. హోయ్ట్ పత్రిక ముందుకు లాక్కున్నాడు. ఎడమచేత్తో పేజీలు తిప్పి తిప్పి, వైర్‌గ్రాస్ ఆటల పట్టిక దగ్గర ఆగాడు. అక్టోబరు మీద వేలు పెట్టి పొడిచాడు.

"ఇల్లు," అన్నాడు. కింది గీతకి జారాడు. "ఇల్లు." ఇంకా కిందికి. "ఇల్లు."

ఆర్విల్ వంగి చూశాడు. అక్టోబరులో వరసగా మూడు ఆటలు సొంత మైదానంలోనే. తను ఆ సంగతే పట్టించుకోలేదు.

"కాదు, అయిదు," అన్నాడు హోయ్ట్. మాటలు అటూ ఇటూ పడ్డాయి గానీ అర్థం తప్పలేదు. "ఏడు."

"ఏడా? నీకు మతి ఉందా? సొంత మైదానమైతే మాత్రం? ఆ పిల్లలకి ఎవడెటు పరిగెత్తాలో తెలీదు! అయిదు!"

"ఏడు!"

"అయిదంటే అయిదే!"

"ఏడు! మొండి... మొండి వెధవ!"

వంటింటి కిటికీకి అవతల కాదు, ఈసారి వాన్సీల్ పక్కనే ఉంది. అయినా అలవాటు కొద్దీ పోలీసుల మాట ఎత్తింది. ఒకడి జట్టు తప్పక ఓడుతుందని వాడే అంటుంటే, ఎదుటి పక్షంవాడు 'కాదు, గెలుస్తుంది' అని పట్టుబట్టడం ఆ షెడ్డు కింద అదే మొదటిసారి. చీకటి పడ్డాక కూడా ఎవరూ లేవలేదు.

సెప్టెంబరు వచ్చింది, ఆటలు మొదలయ్యాయి. కహాబాకి ఎడమవైపు హోయ్ట్ చెప్పినట్టే అయింది. మూడో ఆటలో ఎవడో ఆ వైపు నుంచే దూసుకొచ్చి కోల్టర్ భుజం విరగ్గొట్టాడు. పదకొండో స్థానమన్న పత్రికలవాళ్ళు ఆ జట్టు పేరెత్తడం మానేశారు. తన మాట నిజమైనందుకు హోయ్ట్ ఏమాత్రం సంతోషించలేదు. టీవీ కట్టేసి, పెరట్లోకి పోయి, ఒక్కడే కాసేపు తిరిగి లోపలికి వచ్చాడు. ఆయనకి మాట పూర్తిగా రాలేదు. రాదని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. చిన్న మాటలు వస్తాయి, ఒకదానికొకటి అతకవు. అలసిపోతే పాత సరే ఒక్కటే మిగులుతుంది. ఆర్విల్ వారంలో నాలుగు సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు.

వైర్‌గ్రాస్ ఆరు గెలిచింది. ఆరో గెలుపు జోరువానలో, ఆఖరి తన్ను గోల్‌స్తంభానికి తగిలి లోపలికి పడితే దక్కింది.

అయిదుకి ఆరు ఎంత దూరమో ఏడుకీ అంతే దూరమని వాన్సీల్ చెప్పి చూసింది. ఇద్దరూ ఓడారు కాబట్టి ఇద్దరూ టోపీలు మార్చుకోండంది. ఎవరూ వినలేదు. స్తంభానికి తగిలి పడింది గెలుపు కిందికి రాదని, అది దేవుడు వేసిన భిక్ష అని, లెక్క ప్రకారం అయిదేనని ఆర్విల్ అంటాడు. హోయ్ట్ ఎడమచేత్తో బల్ల మీద కొట్టి, "గెలుపు. గెలుపే," అంటాడు. డిసెంబరు చలి మొదలైంది. వాన్సీల్ షెడ్డు కిందికి హీటరు తెచ్చి పెట్టింది.