పదకొండు చుక్కలు

మధ్యాహ్నం రెండు దాటింది. కాలేజీ కంప్యూటర్ గదిలో జయప్రియ ఒక్కతే ఉంది. బీచి రోడ్డు నాలుగు వీధుల అవతల. సముద్రం కనబడదు గానీ ఆ వేళకి గాలి అటునుంచి మళ్లుతుంది. కిటికీ తెర మెల్లగా ఉబ్బి, మళ్లీ గోడకి అంటుకుంటోంది. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టే ఉంది.

కంప్యూటరు తెర మీద నూట ఇరవై వరుసలు. ఒక్కో వరుస ఒక్కో ఆడమనిషి. ఊరి చివర మురుంగపాక్కం, తేంగాయితిట్టు పేటల్లో, మగవాళ్లు పడవల మీద కూలికి పోయే ఇళ్లలో జయప్రియ తానే తిరిగి, ఇరవై రెండు ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు రాసుకొచ్చింది. అసలు లేదంటే ఒకటి, ఎప్పుడూ ఉంటుందంటే ఐదు. ఆ ఇళ్లలో ఏ భయం ఎంత ఉందో కొలవడం ఆమె పరిశోధన. ఆమె ఇంట్లో డిగ్రీ గడప దాటినది ఆమె ఒక్కతే. అందుకే ప్రతి అంకెనీ రెండుసార్లు సరిచూసుకుంది.

ఇది వట్టి చదువు కోసం కాదు. ఒక ట్రస్టు వాళ్లు భయంతో నిద్రపట్టని ఆడవాళ్ల కోసం వారానికొక కూటం పెడుతున్నారు. మనసు డాక్టరమ్మ వచ్చి కూర్చుంటుంది. ముప్ఫై మందికే చోటు. స్కోరు ఎక్కువున్న ముప్ఫై పేర్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. ఇవాళ బుధవారం.

ఏ ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయో కంప్యూటరు గుంపులు కట్టి చూపిస్తుంది. కలవని దాన్ని తీసేసి మళ్లీ చూడాలి. ‘ఇరుగుపొరుగుతో తగువులు వస్తాయా’ అన్న ఆరోది దేనితోనూ కలవలేదు, పోయింది. పద్నాలుగోది రెండు గుంపుల్లోనూ ఒక్కో కాలు పెట్టింది, అదీ పోయింది. అలా ఆరు పోగా పదహారు మిగిలాయి. అన్నిటికంటే బలంగా నిలిచింది తొమ్మిదోది, ఒకటికి 0.84. ‘బయటికి పోయిన మనిషి తిరిగి రాడేమో అన్న భయం.’

జయప్రియ స్కోర్లు దాచుకునే గడిలో టిక్కు పెట్టి నొక్కింది. ఫైలు చివర కొత్త నిలువు వరుస పుట్టింది. ఒక్కో ఆడమనిషికి ఒక్కో అంకె. పదకొండు చోట్ల మాత్రం అంకె లేదు, చుక్క ఉంది. పదహారింటిలో ఒక్క జవాబు లేకపోయినా ఆ మనిషికి స్కోరు రాదు. ఆ పదకొండు మందికీ తొమ్మిదో గడి ఖాళీ.

నలభై మూడో వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అది పూంగొడి. సొంత మేనత్త. రాత్రి గాలి కాస్త ఎక్కువైతే లేచి కూర్చునే మనిషి. ఆ ముప్ఫై మందిలో చేరాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే మొదట ఆవిడే.

గాలి కిటికీ తెరని ఉబ్బించింది. కళ్లు మూతపడ్డాయి. నూట ఇరవై మంది బీచిలో రాళ్ల పక్కన నిలబడి ఉన్నారు. కనబడని గాలి ఏదో అందర్నీ ఒకే వైపు వంచుతోంది. కొందరు బాగా వంగారు, కొందరు కొంచెమే. మధ్యమధ్య ఖాళీలు. అక్కడ మనుషులు లేరు, ఇసకలో వాళ్ల పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. నీళ్లు వచ్చి తాకినా అవి చెరగడం లేదు.

“నిద్రా, విశ్లేషణా?” అంటూ నందిత మేడం కుర్చీ లాక్కుంది. ఆమె జయప్రియ గైడు. ఇద్దరూ మాట్లాడుకునేది తమిళంలోనే.

జయప్రియ ఉలిక్కిపడి చుక్కలు చూపించింది. “ఖాళీల్లో అందరి సగటు వేసి చూశాను మేడం. అత్త నలభై ఒకటో స్థానానికి వచ్చింది. తొమ్మిదోది తీసేసి చూస్తే యాభై ఎనిమిది.”

“సగటు వేస్తే ఆవిడ అందరిలాంటి మనిషి అయిపోతుంది. బలమైన ప్రశ్న తీసేస్తే ఇక కొలిచేదేముంది?”

“నేను ఐదు వేసేస్తే? నాకు తెలుసు కదా మేడం.”

“నీకు తెలిసింది రాస్తే అది నీ జవాబు.” మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “సరే, ఆ పదకొండు మందీ చెప్పనన్నారా?”

జయప్రియ పుస్తకం తీసింది. ప్రతి ఇంటి పేరు పక్కనా ఆ రోజు సంగతులు రాసిపెట్టుకుంది. ఒక పేజీ, ఇంకో పేజీ. తిప్పుతున్నకొద్దీ చెవులు వేడెక్కాయి. పదకొండు ఇళ్లలోనూ ఆ రోజు మగమనిషి సముద్రం మీద ఉన్నాడు.

“చెప్పననలేదు మేడం. నేనే అడగలేదు.”

“ఎందుకని?”

“మా ఇళ్లలో మనిషి నీళ్ల మీద ఉండగా ఆ మాట పలకరు. మనిషి బయలుదేరాక వాకిలి కూడా వెంటనే ఊడ్వరు. ఆ ఇంట్లో కూర్చుని ‘తిరిగి రాడేమో’ అని పైకి చదవడానికి నాకు నోరు రాలేదు. పదో ప్రశ్నకి వెళ్లిపోయాను. అలా వెళ్లిపోయానని కూడా నాకు తెలియలేదు.”

మేడం కోప్పడుతుందనుకుంది. కోప్పడలేదు. “అయితే వెళ్లి అడుగు. ఎలా అడిగావో ఉన్నదున్నట్టు థీసిస్‌లో రాయి.”

“మామ నిన్ననే పడవెక్కి వెళ్లాడు మేడం. శనివారం గానీ రాడు.”

“అది నువ్వే ఆలోచించుకోవాలి,” అని మేడం లేచింది.

గురువారం పొద్దున జయప్రియ సంచిలో ఒక స్టీలు పళ్లెం, ఐదు చింతగింజలు వేసుకుని బయలుదేరింది. ప్రశ్న పైకి చదవదు. తొమ్మిదోది అని చెప్పి, రాసిన కాగితం చూపిస్తుంది. చదవడం రానివాళ్లకి వీధి చివరికి తీసుకెళ్లి, ఇంటికి దూరంగా, చెవిలో చెబుతుంది. జవాబు నోటితో వద్దు, గింజలతో చాలు.

పది ఇళ్లు తిరిగేసరికి ఎండ నడినెత్తికెక్కింది. కొందరి మగవాళ్లు గట్టునే ఉన్నారు. శివగామి అయితే మొగుడు వింటుండగానే ఒక్క గింజ ఠంగుమని పళ్లెంలో పడేసింది. “ఈయన్ని సముద్రం కూడా పెట్టుకోదు పాపా, తిప్పి పంపించేస్తాది,” అంది. ఆయనా నవ్వాడు.

చివరిది పూంగొడి ఇల్లు. ఆవిడ వసారాలో మునగాకు దూస్తోంది.

“ఏంది పాపా, ఎంఏ చదివి చింతగింజలాటకి వచ్చినావా?”

“ఆటే అనుకో అత్తా. ఆ పొద్దు నిన్ను ఇరవై ఒకటే అడిగినా. ఒకటి బాకీ.”

“అడిగెయ్ మల్ల. కొళంబు పొయ్యి మీద ఉండాది.”

“ఈడ కాదు. వీధి చివరికి రా.”

పూంగొడి ఆమె మొహంలోకి చూసింది. ఏ ప్రశ్నో అర్థమైపోయినట్టుంది. మునగాకు గిన్నె పక్కకి నెట్టింది. “యాడికీ వొద్దు. చెప్పనూ వొద్దు. పళ్లెం ఈడ పెట్టు.”

జయప్రియ పళ్లెం పెట్టి గింజలు అత్త అరచేతిలో పోసింది. పూంగొడి ఒకటి వేసింది. రెండోది వేసి, తీసేసి, మళ్లీ వేసింది. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. మూడు, నాలుగు, ఐదు. ఖాళీ చెయ్యి అలాగే చాచి ఉంచింది.

“ఇంక లేవా?”

“ఐదే అత్తా. లెక్క ఐదుతోనే ఆగిపోతాది.”

“ఎవురు పెట్టినారో ఈ లెక్క,” అంది పూంగొడి. “మొగుడు ఇంట్లో కూసునే ఆడదై ఉంటాది.”

జయప్రియకి నవ్వొచ్చింది. పూంగొడి ఆ చేత్తోనే ఆమె గడ్డం పట్టి ఊపింది. “అన్నం తినిపో,” అని లోపలికి వెళ్లింది. వసారా నిండా మధ్యాహ్నపు వెలుగు. ఆ వెలుగులో గింజలు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. ఐదు అని కాగితం మీద రాయడానికి జయప్రియకి చాలాసేపు పట్టింది.

సాయంత్రం గదికి వచ్చి పదకొండు అంకెలూ చేర్చింది. మొదటినుంచీ మళ్లీ నడిపింది. తొమ్మిదోది 0.79కి దిగింది గానీ నిలబడింది. మిగతా పదిహేనూ కదల్లేదు. పాత స్కోర్ల వరుస తీసేసి కొత్తది దాచుకుంది. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. అన్నీ అంకెలే.

పూంగొడి మూడో స్థానంలో ఉంది. చుక్కల్లోంచి ఆరుగురు ముప్ఫైలోకి వచ్చారు. అంటే నిన్నటిదాకా లోపలున్న ఆరుగురు బయటికి పోయారు. వాళ్ల పేర్లు కూడా విడిగా ఒక కాగితం మీద రాసి, ‘వచ్చే కూటానికి వీళ్లనే ముందు పిలవండి’ అని కింద చేర్చింది. రెండు కాగితాలూ మేడం బల్ల మీద పెట్టింది.

తర్వాత ఫోను చేసింది.

“అత్తా, సోమవారం పదకొండింటికి కూటానికి రావాలంట. నీ పేరు వచ్చింది.”

“నేను ఆడికొచ్చి ఏం మాట్లాడేది?”

“మాట్లాడాలనేం లేదత్తా. కూర్చుంటే చాలు.”

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

“పదకొండింటికా?” అంది పూంగొడి. “అయితే పొద్దున్నే వండేసి వస్తా.”