మేకు మీద పంతొమ్మిదేళ్లు

నేను ఒక అట్లకాడను. మూతి విరవకండి. మీ పెసరట్టు అంచు చెదరకుండా కంచంలోకి దిగిందంటే నాలాంటిదేదో పెనం దగ్గర ఒళ్లు కాల్చుకున్నట్టే. తినేవాళ్లు అట్టును పొగుడుతారు, అల్లం చట్నీని పొగుడుతారు, మరీ మంచివాళ్లయితే మాస్టరును పొగుడుతారు. నన్ను పొగిడినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. అందుకే నా సంగతి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

పుట్టుకతో నేను లారీ కమాను పట్టీని. ఆ లారీ ముసలిదైపోయాక తణుకులో సూర్యాచారి అనే కమ్మరి నన్ను కొలిమిలో పెట్టి, సమ్మెటతో సాగగొట్టి, అంచు పలచన చేసి, తుమ్మకర్ర పిడి వేశాడు. చేయించుకున్నది సుబ్బరాయుడు మాస్టరు. ఆయన చేతిలో పన్నెండేళ్లు తిరిగాను. చూపు మందగించాక ఆయన నన్ను శిష్యుడు గవర్రాజు చేతిలో పెట్టాడు. అప్పటికి గవర్రాజుకు పాతికేళ్లు. మీసం నిండుగా ఉండేది. తల మీది జుట్టు మాత్రం అప్పుడే ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటోంది.

అట్టు మాస్టర్లకు ఓ పద్ధతుంది. పెనం, పొయ్యి, పిండి అన్నీ యజమానివి. అట్లకాడ ఒక్కటే మాస్టరు సొంతం. కొత్త హోటల్లో పని చేసిన మొదటిరోజు, చోటు నచ్చితే, అట్లకాడను ఆ వంటింటి మేకుకు తగిలించి ఉత్త చేతులతో ఇంటికి వెళతాడు. నచ్చకపోతే సంచిలో వేసుకుని పోతాడు. అంతే ఒప్పందం, కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు.

"ఒరే గవర్రాజూ, చూసి మరీ తగిలించు. మేక్కి తగిలించావంటే మాటిచ్చేసినట్టే. ఇంటికి తీసుకుపోయావంటే మళ్లీ ఆ మేక్కి తగిలించకూడదు" అని సుబ్బరాయుడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

గవర్రాజు చూసి మరీ తగిలించాననే అనుకున్నాడు. బస్టాండు ఎదురుగా శేషగిరిగారి హోటల్లో నన్ను మేకుకు వేశాడు. ఆ మేకు మీద పంతొమ్మిదేళ్లు వేలాడాను.

గవర్రాజు ఎక్కడికి వెళ్లినా "మా హోటలు" అనేవాడు. తమ్ముడి పెళ్లి రోజు హోటల్లో రద్దీ ఎక్కువని శేషగిరిగారు కదలనివ్వకపోతే, తలంబ్రాలన్నీ అయిపోయాక వెళ్లి ఆఖరి పంక్తిలో తిని వచ్చాడు. జ్వరం వస్తే నెత్తికి తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు. అతని భార్య మంగతాయారు ఎప్పుడైనా అటుగా వస్తే వంటింటి గుమ్మంలో నిలబడి ఎకసెక్కాలాడేది.

"మీ హోటలే కదా, ఓసారి ఆ హాల్లో కుర్చీలో కూర్చోండి చూద్దాం."

గవర్రాజు నవ్వేసి అట్టు తిరగేసేవాడు. నాకు మాత్రం ఆమె మాట గుచ్చుకునేది. అయినా యజమాని యజమానే, ఉప్పు ఉప్పే అనుకునేదాన్ని. అతనికి విశ్వాసం ఉంటే నాకూ ఉన్నట్టే కదా.

ఇక శేషగిరిగారి సంగతి. వయసు అరవై దాటింది కానీ జుట్టు మాత్రం పాతిక దగ్గరే ఆగిపోయింది. నెలకోసారి నల్లరంగు వేసేవారు. కౌంటరు పక్క గోడకు అద్దం పెట్టించుకుని, గంటకోసారి జేబులోంచి దువ్వెన తీసి ముచ్చటగా దువ్వుకునేవారు. ఆ అద్దానికి మూరెడు దూరంలోనే మేము వేసిన అట్ల ప్లేట్లు పెట్టే బల్ల ఉండేది. వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న కిటికీలోంచి ఇదంతా మాకు రోజూ కనబడేది. ఎవరం నోరెత్తలేదు.

ఓ ఆదివారం ఉదయం ఒక ఆఫీసరుగారు కుటుంబంతో వచ్చారు. ఆయన పెసరట్టులో వెంట్రుక తేలింది. వేలెడు పొడవుంది. కుదురు దగ్గర కాస్త తెలుపు, మిగతాదంతా నిగనిగలాడే నలుపు. ఆ ఊళ్లో అలాంటి జుట్టు ఎవరి నెత్తిన ఉందో నేను చెప్పక్కర్లేదు.

శేషగిరిగారు గవర్రాజును హాల్లోకి పిలిచారు. పంతొమ్మిదేళ్లలో అతను హాలు మధ్యకు రావడం అదే మొదలు. నెత్తి మీది తువ్వాలు తీసి చేతులు జోడించాడు. బట్టతల దీపం కింద మెరిసింది. రెండు బల్లల వాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆఫీసరుగారే ఇబ్బందిపడిపోయి "ఈయన తలలోంచి ఎలా రాలుతుందండీ?" అన్నారు.

"బట్టతలైతే మీసం లేదేంటండీ?" అన్నారు శేషగిరిగారు. గవర్రాజు వైపు తిరిగి, "ఒరే, రేపటికల్లా ఆ మీసం తీసెయ్. లేపోతే నా వంటింట్లో అడుగెట్టకు" అని అందరూ వినేలా అరిచారు.

వెంట్రుక ఎవరిదో గవర్రాజుకు తెలుసు. "తప్పయిపోయిందండి" అన్నాడు. తిరిగి వచ్చి నన్ను పట్టుకున్నాడు. పిడి చెమటతో జారింది. మా హోటలు పరువు కోసం మాట పడ్డాను, అంతేగా అనుకున్నాడేమో. మర్నాడు మీసం లేకుండా వచ్చాడు. పై పెదవి తెల్లగా, ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. నేను చూడలేకపోయాను.

ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. శేషగిరిగారు వంటింట్లోకి పదిసార్లు వచ్చారు, పిండి చూశారు, నూనె తక్కువ వెయ్యమన్నారు, గవర్రాజు మొహం మాత్రం చూడలేదు. చాటుగానైనా ఒక్క మాట అంటారని అతను ఎదురుచూశాడు. "పోనీలేరా" అన్నా చాలు. ఆ మాట వస్తే మరో పంతొమ్మిదేళ్లు ఆ పెనం దగ్గరే ఉండేవాడు. మనుషులు ఇంత చవగ్గా దొరుకుతారని యజమానులకు ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు.

మూడో రోజు పదకొండు గంటలకు రద్దీ తగ్గింది. గవర్రాజు తానే కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యగారూ, మీరన్నట్టే తీసేశానండి."

"ఏంటి తీసేసింది?"

"మీసమండి."

దువ్వెన ఆగింది. శేషగిరిగారు తలెత్తి చూశారు. "ఓరి నీ! నిజంగా తీసేశావేంట్రా? ఆఫీసరుగారు చల్లబడాలని ఏదో నోటికొచ్చింది అన్నాను. ఆ వెంట్రుక నాదని నాకు తెలీదేంటి? ఎవడో ఒకడు మాట పడాలి కదా!" అని, సర్వర్లను కేకేశారు. "ఇలా రండర్రా, ఈడి మొహం చూడండి, ఒలిచిన అరటిపండులా ఉంది!" పొట్ట పట్టుకుని నవ్వారు. సర్వర్లూ నవ్వారు, పాపం, నవ్వకపోతే వాళ్ల పనులు పోతాయి.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. గవర్రాజు ఏడవలేదు. వంటింట్లోకి వచ్చాడు. ఇంకా వెళ్లాల్సిన నాలుగు అట్లు పెనం మీద పోశాడు. వాటిని తొందరపడకుండా ఎర్రగా కాల్చి, ఉల్లిపాయ చల్లి, మడిచి పంపాడు. పొయ్యి ఆపాడు. నన్ను కడిగి తుడిచాడు. మేకు వైపు ఓసారి చూసి, తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు? ఆ మేకు మీద నాకూ విశ్వాసం ఉందనుకున్నాను గానీ, ఉన్నది అలవాటేనని చంకలోకి వెళ్లాక తెలిసింది.

"అది పట్టుకుని ఎక్కడికిరా?" అన్నారు శేషగిరిగారు.

"ఇంటికండి."

"హోటల్ సామానురా అది!"

"కాదండి. ఇది నాదండి."

పంతొమ్మిదేళ్లలో ఆ మనిషి నోట "నాది" అన్న మాట వినడం నాకు అదే మొదలు. అట్లకాడ మేకు దిగితే అర్థమేమిటో శేషగిరిగారికి తెలుసు. నవ్వు ఆగిపోయింది. "ఒరే, తమాషాకన్నానురా" అన్నారు.

"మీసం నేను తమాషాకి తియ్యలేదండి" అని గవర్రాజు మెట్లు దిగాడు. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు తెల్లవారుజామున అలవాటు కొద్దీ నాలుగింటికే లేచి కూర్చున్నాడు. కాసేపు చీకట్లో ఆలోచించి, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి, మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. ఎండ ముంగిట్లోకి వచ్చేదాకా గురక పెట్టాడు. మంగతాయారు ముగ్గు వేస్తూ ఆ గురక విని తనలో తాను నవ్వుకుంది. అతను మీసం తీసి ఇంటికి వచ్చిన సాయంత్రం ఆమె దొడ్లోకి వెళ్లి ఏడ్చిందట. అది నాకు తర్వాత ఆమె నోటనే తెలిసింది.

వారం తిరక్కుండానే కాలవ గట్టు దగ్గర కనకరత్నంగారు తన చిన్న టిఫిన్ సెంటరుకు పిలిచారు. మంచి మనిషి. "మాస్టారూ" అని పిలుస్తారు. మొదటిరోజు పని అయ్యాక గోడ చూపించారు.

"మీకోసం కొత్త మేకు కొట్టించానండి. మీ పద్ధతి నాకు తెలుసు."

గవర్రాజు ఆ మేకును చూశాడు, నన్ను చూశాడు. "మీ పనికి లోటు రానివ్వనండి. పొద్దున్నే టైముకి వస్తాను, అట్టు మాడనివ్వను. ఇది మాత్రం రోజూ నాతో ఇంటికొచ్చేస్తదండి" అన్నాడు.

కనకరత్నంగారు కాస్త ఆలోచించి, "సరేలెండి, కేలెండరు తగిలించుకుంటాను" అన్నారు.

ఆ సాయంత్రం సైకిలు హేండిలుకు వేలాడే సంచిలో కూర్చుని నేను ఇంటికి వచ్చాను. గవర్రాజు పై పెదవి మీద మీసం గరుగ్గా మొలుస్తోంది. ఇంట్లో చిన్న పెనం పొయ్యి మీద పెట్టి, ఇంత పెసరపిండి పోసి గుండ్రంగా తిప్పాడు. కాలాక నన్ను అంచు కిందికి పోనిచ్చి, లేపి, మడిచి మంగతాయారు కంచంలోకి దించాడు. ఆమె ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"పంతొమ్మిదేళ్లనించీ అట్టు మాస్టారి పెళ్లాన్నని ఊరంతా అంటన్నారు. మీ చేతి అట్టు తినడం ఇదే మొదలండి" అంది.

గవర్రాజు పెనం మీద ఇంకోటి పోశాడు.