దిమ్మ పట్టే చెయ్యి

“ఇంకాస్త లోపలికి దూరు. దిమ్మ సరిగా ఆనడం లేదు,” అన్నారు మా ఆయన బయట నుంచి.

నేను విమానం తోకలో బోర్లా పడుకుని ఉన్నాను. మోచేతుల కింద పాత దుప్పటి, చేతిలో ఇనుప దిమ్మ. రివెట్ వెయ్యడానికి ఇద్దరు కావాలి. బయటి మనిషి తుపాకీ లాంటి యంత్రంతో రివెట్ తల మీద దబదబా కొడితే, లోపలి మనిషి దాని కొసకి దిమ్మ ఆనించి పట్టుకోవాలి. కొస నలిగి పరుచుకుని రెండు రేకుల్నీ కరుచుకుంటుంది. దెబ్బ బయట పడుతుంది, అదురు లోపలి మణికట్టుకి వస్తుంది. పనయ్యాక చూసేవాళ్లకి బయటి నున్నటి తలలే కనిపిస్తాయి.

ఇద్దరు కూర్చునే చిన్న విమానం అది. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి పెరటి షెడ్డులో కడుతున్నాం. పగలంతా నేను కొట్టులో పరదాల గుడ్డా, సోఫా గుడ్డా అమ్ముతాను. వచ్చి వంట చేస్తాను, ఆ తర్వాత తోకలో దూరతాను. చూడ్డానికి ఎవరైనా వస్తే ఆయన రెక్క మీద చెయ్యి వేసి, “ఒంటిచేత్తో కట్టాను,” అంటారు. రెండో చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. అత్తయ్య మాత్రం న్యాయంగా నా వాటా నాకిస్తుంది. “మా కోడలు కూడా పాపం సాయం ఉంటుంది. టీలూ అవీ చూసుకుంటుంది.”

వ్యాపారంలో ధర చెప్పని సరుకుని జనం ఊరికే వచ్చిందనుకుంటారు. కొట్టులో ఒక మూర గుడ్డ కూడా అలా పోనివ్వను. కొట్టు తలుపు దాటి ఇంట్లోకి వచ్చేసరికి ఆ తెలివి చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే ఎందుకు వదిలేస్తానో!

తోక మూసేలోగా ఒక సంగతి తేల్చాలి. రెక్కల కింద రెండు పెద్దచక్రాలు సరే, మూడో చక్రం ఎక్కడ? తోక కిందా, ముక్కు కిందా? ఆయనకి తోకచక్రమే కావాలి, వేరే ఊళ్లో దాని మీదే నేర్చుకున్నారు. “బరువు తక్కువ, వేగం ఎక్కువ. గతుకుల నేల మీద కూడా దిగొచ్చు. ముక్కుచక్రమంటే పిల్లల సైకిలుకి పక్కచక్రాలు కట్టినట్టుంటుంది,” అన్నారు. అవన్నీ నిజాలే, కాదనను. కానీ మేం దిగేది ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ల తారు రన్‌వే మీద. తను ఎన్నడూ వాడబోని గుణాన్ని చూసి సరుకు కొనేవాళ్లని నేను కొట్టులో రోజూ చూస్తూనే ఉంటాను.

విమానం నడపడానికి నాకూ లైసెన్సు ఉంది. క్లబ్బుకి ఆయన వెంట కాలక్షేపానికి వెళ్లినదాన్ని, అక్కడి గురువుగారు “నువ్వూ ఒకసారి కూర్చోరాదూ, అమ్మా,” అంటే కూర్చున్నాను. పరీక్ష కూడా పాసయ్యాను. మా ఆయన నలుగురిలో, “మా ఆవిడ విమానాన్ని సిటీబస్సులా ఆపుతుంది,” అని నవ్వుతారు. సిటీబస్సులో ఎవరి నడుమూ విరగదని నేను అనలేదు.

నేను నేర్చుకున్నది ముక్కుచక్రం మీద. రెండిటికీ తేడా ఏమిటని గురువుగారిని అడిగాను.

“తోకచక్రం దానికి బరువు పెద్దచక్రాల వెనక ఉంటుందమ్మా. నేల తాకాక నడిపేవాడు కాస్త ఏమరాడా, వెనకది గిర్రున తిరిగి ముందుకొస్తుంది. ముక్కుచక్రం దానికి బరువు ముందుంటుంది, దానంతటదే సర్దుకుంటుంది. తోకచక్రానికి విడిగా నేర్చుకోవాలి. మన క్లబ్బులో అలాంటి విమానం లేదు. మీ దాని మీదే నేర్చుకో, నేను పక్కన కూర్చుంటాను.”

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. “దాన్ని నీ చేతికిచ్చి విరగ్గొట్టుకోమంటావా?” అన్నారు. “మరి వేరే ఊరు వెళ్లి నేర్చుకోనా?” అంటే, “కొట్టెవరు చూస్తారు?” అన్నారు. రెండు తలుపులూ మూసి, గది నాకే ఇచ్చేశానన్నట్టు ఉంది ఆ మాట.

ఆ రోజు తోకలోనే ఉన్నాను. మా మరిది వచ్చినట్టున్నాడు. రేకు గోడకి అటువైపు నేనున్న సంగతి అన్నదమ్ములిద్దరికీ పట్టలేదు. దిమ్మ వాళ్ల లెక్కలోకి రాదుగా.

“వదినకి ముక్కుచక్రమే నయం కదా అన్నయ్యా. తనూ నడుపుకుంటుంది.”

“అందుకే వద్దంటున్నాను. తోకచక్రం పెడితే తాళంచెవులు దాచుకునే పని ఉండదు,” అని నవ్వారు మా ఆయన.

మరిదీ నవ్వాడు. నా ఒంటి మీద రేకు పొడి, ముక్కులో నూనె వాసన. వెనక బరువు ఎప్పటికీ వెనకే ఉంటుందన్న ధీమా మీద మా ఇల్లు నడుస్తోందని అప్పుడు తెలిసింది. వెల్లకిలా తిరిగి చుట్టూ చూశాను. తోకచక్రం బిగించే గట్టి పట్టీ వెయ్యాల్సింది నా తల దగ్గరే, ఆ ఇరుకు కొసలో. అక్కడికి దూరే చెయ్యి ఇంట్లో ఒక్కటే ఉంది.

పాక్కుంటూ బయటికొచ్చి దిమ్మ బల్ల మీద పెట్టాను.

“ముక్కుచక్రమైతే రేపు కూడా పట్టుకుంటాను. తోకచక్రమైతే పట్టుకోను.”

“బెదిరిస్తున్నావా?”

“ధర చెప్తున్నాను.”

మర్నాడు మరిదిని దూర్చి చూశారు. అతని భుజం మొదటి అడ్డపట్టీ దగ్గరే ఇరుక్కుంది. తీయడానికి సబ్బునీళ్లు కావాల్సొచ్చాయి. పక్కింటి కుర్రదాన్ని పిలిస్తే, మొదటి అదురుకే దిమ్మ వదిలేసి, “నా వల్ల కాదు బాబాయ్,” అని వెళ్లిపోయింది. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

“మొగుడు ముచ్చటపడుతున్నాడు. ఓ చెయ్యి వేస్తే నీ సొమ్మేం పోయింది?”

“చెయ్యే పోయింది అత్తయ్యా,” అని వాచిన మణికట్టు చూపించాను. చూసింది. కూర తరుక్కోవడానికి కూర్చుంది.

వారం తిరక్కుండా ఆయనే కొట్టుకి వచ్చారు, తమ్ముణ్ణి వెంటేసుకుని. నేను ఒకావిడకి పరదా గుడ్డ కొలుస్తున్నాను. ఆమె వినేలాగే అన్నారు.

“సరే, ముక్కుచక్రమే పెడదాం. నీకు భయమంటున్నావుగా.”

ఇదన్నమాట బిల్లు. నేను గెలిచినదాన్ని నా భయం పేరు మీద రాసి ఇస్తున్నారు. రేపు షెడ్డుకి వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్తారు. “మా ఆవిడ కోసం రాజీపడ్డాను,” అంటారు. అందరూ ఆయన్ని మెచ్చుకుంటారు. కాదని గొంతు చించుకోవచ్చు. కానీ కొనేవాడు తనే గెలిచాననుకుని వెళ్తే కొట్టుకి నష్టమేం లేదు, ధర మన చేతిలో పడితే చాలు.

గుడ్డ కత్తిరించి, మడిచి, ఆవిణ్ణి పంపించాను.

“తాళంచెవులు ఇవ్వండి.”

“ఏం తాళంచెవులు?”

“ఇంజనువి. రెండొచ్చాయిగా.”

తోక ఇంకా మూయలేదు. లోపల వెయ్యాల్సిన రివెట్లు చాలా ఉన్నాయి. ఆ సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. జేబులోంచి ఒకటి తీసి ఇచ్చారు.

“రెండోది కూడా.”

“రెండూ నీకెందుకే? మరి నేను ఎగరాలంటే?” అంటూనే రెండోదీ తీసి ఇచ్చారు.

రెండిటినీ కొట్టు తాళాల గుత్తికి ఎక్కించి నడుముకి దోపుకున్నాను.

“నన్ను అడగండి. నేను దాచనులెండి.”