మూడింటికీ ఒకే పేరు

"డైరెక్టర్లు పదకొండింటికి వస్తారు. వాళ్ల భోజనానికి ఆ హాట్‌డిష్ వంటగది ఓవెన్లో పెట్టేసి రా, మార్లిస్," అన్నాడు డ్వైట్, ఆమె కుర్చీలో కూర్చుంటూ.

మిన్నెసోటాలోని ఆ ధాన్యం సహకార సంఘంలో కంప్యూటర్ గది చూసుకునేది ఈ మొగుడూ పెళ్లాలిద్దరే. లెక్కలన్నీ దాచడానికి కొత్తగా వచ్చిన ఫ్లాష్ స్టోరేజీ పెట్టెను నెట్‌వర్క్ మీదుగా మూడు సర్వర్లకు కలపాలి. వాటి మీద నడిచేది, ఒక్కో సర్వరునూ పది కంప్యూటర్లలా వాడుకోనిచ్చే ఓపెన్‌సోర్స్ వర్చువలైజేషన్. మార్లిస్ రెండు నెలల శని, ఆదివారాలు బట్టలు మడతపెడుతూ నేర్చుకుని, ఎలా కలపాలో ముప్పై పేజీల్లో రాసిపెట్టింది. ఈ వ్యవస్థకు పెద్ద ఎవరో డైరెక్టర్లు ఈరోజే తేలుస్తారు. పొద్దున చూస్తే అట్ట మీద ఆమె పేరు లేదు, డ్వైట్ పేరుంది. "ఒకే ఇంటికొచ్చే పదవేగా, ఎవరి పేరుంటే ఏంటి?" అన్నాడు. అత్తగారు ఎల్నోరా ఇలాంటి మాట పెళ్లయిన ఏడాదే అనేసింది: "మావాడి పేరు తగిలించుకున్నావు కాబట్టే నిన్ను నలుగురూ పలకరిస్తున్నారు."

ఓవెన్ దగ్గర్నుంచి వచ్చి తెర చూసిన మార్లిస్ ఆగిపోయింది. మూడు సర్వర్లకూ ఒకటే గుర్తింపు, అంటే పెట్టెకు చెప్పుకునే పేరు, ఉంది. డ్వైట్ ఒకదాన్ని సిద్ధం చేసి, మిగతా రెండింటికీ దాన్నే కాపీ కొట్టాడు. కాపీతో పాటు గుర్తింపూ వస్తుందనీ, దేనిది దానికి కొత్తగా ఇవ్వాలనీ పద్నాలుగో పేజీలో ఉంది. పెట్టె లెక్కలో ఇప్పుడు మూడూ ఒక్కటే. ఒకదాన్ని తీసేస్తే దాని పని మిగతావి అందుకుంటాయని అతను అందరి ముందూ చూపించబోతున్నాడు. తీస్తే మూడూ పోతాయి.

"డ్వైట్, పద్నాలుగో పేజీ చూశావా?"

"పదేళ్లుగా సర్వర్లు కాపీ చేస్తున్నా. నువ్వు పొయ్యి ఆపి కూడా మళ్లీ వెనక్కెళ్లి చూసే మనిషివి."

రెండు నిమిషాల పని. అతను కాఫీకి లేస్తే చాలు, ఇరవై మూడేళ్లుగా సరిచేస్తున్నట్టే సరిచేసేసి, నోరెత్తకుండా పక్కకు జరిగేది. అలవాటుగా చెయ్యి కీబోర్డు దాకా వెళ్లింది. అంతలో డైరెక్టర్లు వచ్చేశారు. పెద్దాయన హాల్వర్సన్ కాగితాలు తిరగేసి, "ఇంత వివరంగా ఎవరు రాశారయ్యా?" అన్నాడు.

"నేనే. మా ఆవిడ టైప్ చేసింది. నా రాత కోడి గీతలు కదా."

అందరూ నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె బుగ్గలకు ఎప్పట్నుంచో కంఠతా వచ్చు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకుంది. రైతుల తూకం చీటీలన్నీ ఇంకా పాత పెట్టెలోనే భద్రంగా ఉన్నాయి. పోయేది పరువొక్కటే.

డ్వైట్ రెండో సర్వరును పెట్టె జాబితాలోంచి తీసేశాడు. తెర మీద మూడూ ఎర్రబడ్డాయి.

"మార్లిస్," అతను కుర్చీలో వెనక్కి తిరిగాడు. "ఇప్పుడేం చెయ్యాలి?"

ఆమె ముప్పై పేజీలూ తెచ్చి అతని ముందు నీటుగా సర్దింది.

"నేను టైప్ చేశానంతే, డ్వైట్. రాసినవాడివి నువ్వే చెప్పాలి."