ఇచ్చి వెనక్కి తీసుకున్న పొడుం డబ్బా

నేను ఒక పొడుం డబ్బాను. గేదె కొమ్ముతో ఒళ్ళు, ఏనుగు దంతంతో మూత. విశాఖపట్నంలో పైడయ్య అనే పనివాడు నన్ను చెక్కాడు. చేయించినవారు ఎటియెన్ మొరాన్‌గారు. ఫ్రాన్సు నుంచి వచ్చి కోస్తాలో ఒక మిషనుకు బిషప్పు అయ్యారు. రోములో బిషప్పుల మహాసభకు వెళ్తూ, అక్కడ కలవబోయే చిన్ననాటి నేస్తం లూసియన్ బరెల్‌గారికి కానుకగా నన్ను పట్టుకెళ్ళారు. ఆయనా బిషప్పే.

ఆ సభలో అందరి నోటా ఒకటే చర్చ. విశ్వాసం గురించి పోపుగారు అధికారికంగా ప్రకటించిన మాటలో తప్పు ఉండదని సిద్ధాంతం చేయాలా, వద్దా? ఎక్కువమంది చేయాలన్నారు. వద్దన్న కొద్దిమందిలో ఈ నేస్తాలిద్దరూ ఉన్నారు.

ఒక సాయంత్రం నదిగట్టున నడుస్తూ మొరాన్‌గారు, "మా పల్లెల్లో జనం పోపుగారిని తండ్రి అనుకుంటారు. తండ్రి తప్పు చేయడని ఇంట్లో ఎవరైనా కాగితం రాయించుకుంటారా?" అన్నారు.

బరెల్‌గారు ఆగి, నన్ను తెరిచి చిటికెడు పీల్చారు. "ఇది సభలో చెప్పాలి, ఎటియెన్."

"నువ్వు చెప్పు. నీ గొంతైతే వింటారు."

చెప్పారు. నేను ఆయన పిడికిట్లోనే ఉన్నాను. సభ కదిలిపోయింది. దిగివస్తుంటే ఎదుటిపక్షం వాళ్ళు కూడా లేచి చెయ్యి పట్టుకున్నారు. వెనక వరుసలో మొరాన్‌గారు నవ్వబోయి, నవ్వలేకపోయారు.

ఆ రోజు నుంచి బరెల్‌గారి లాటిన్ ఆయనకు కిట్టలేదు. నడక కిట్టలేదు. ఆ చేతిలో నేను అందంగా కనబడడం కూడా కిట్టలేదు. పోపుగారికి ఎంత అధికారమిచ్చినా ఓర్చుకోగల మనిషి, నేస్తానికి దక్కిన మెప్పును ఓర్చుకోలేకపోయారు.

బరెల్‌గారు ఆయన బసకు వెళ్ళారు. తలుపు దగ్గర మొరాన్‌గారి వెంట వచ్చిన ఉపదేశి జ్ఞానప్రకాశం లోపలికి తిరిగి తెలుగులో అడిగాడు. "అయ్యగోరూ, ఆ దొరగోరు మళ్ళీ వచ్చినారండి. ఏటి సెప్పమంటారు?"

"లేనని చెప్పు."

బరెల్‌గారికి తెలుగు రాదు. నాకు వచ్చు. కానీ ఆ గొంతు ఎవరిదో ఆయనకూ తెలిసింది. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

చివరికి ఓటింగు వచ్చింది. పోపుగారి ఎదుట కాదనడం ఇష్టంలేక, వద్దన్నవాళ్ళు ముందురోజే ఊళ్ళకు బయలుదేరారు. బరెల్‌గారు దారికాచి నేస్తాన్ని మెట్ల మీద పట్టుకున్నారు.

"బండిలో నీకు చోటు ఉంచాను."

"నేను ఉంటున్నాను. సమ్మతమని చెప్తాను."

బరెల్‌గారు ఆయన వంక చూశారు. "ఆ మాట నీదని నీ పేరు పెట్టే చెప్పాను, ఎటియెన్. వెనక వరుసకి వినబడలేదేమో."

"వినబడింది," అన్నారు మొరాన్‌గారు. "ఆ డబ్బా ఇలా ఇవ్వు."

బరెల్‌గారు మూత బిగించి ఇచ్చేశారు.

మర్నాడు ఉరుముల వానలో, నన్ను జేబులో పెట్టుకుని మొరాన్‌గారు 'సమ్మతం' అన్నారు. ఇంటికొచ్చాక నన్ను పెట్టె అడుగున పడేశారు.

ఏళ్ళ తర్వాత ఫ్రాన్సు నుంచి కొత్తగా ఒక ఫాదర్ వచ్చారు. బరెల్‌గారు పోయారని భోజనాల దగ్గర చెప్పారు.

"సభ తర్వాత చాలాకాలం ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదండి. తర్వాత ఒక ఆదివారం గుడిలో ఒప్పుకున్నారు. నేనక్కడే ఉన్నాను."

"ఏమన్నాడు?"

"'నా నేస్తం ఎటియెన్ మనసులో లేనిది పైకి అనడు. అతను సరేనన్నాడంటే నాకు కనబడనిదేదో అతనికి కనబడి ఉంటుంది' అన్నారు."

జ్ఞానప్రకాశం వడ్డిస్తూ, "అయ్యగోరూ, అన్నం సల్లారిపోతంది," అన్నాడు. మొరాన్‌గారు లేచివెళ్ళి పెట్టె తెరిచి, నన్ను తెచ్చి ఆ ఫాదర్ ముందు పెట్టారు.

"ఇది బరెల్‌ది. ఇచ్చెయ్యండి."

"పోయినవారికి ఎలా ఇవ్వనండీ?"

మొరాన్‌గారు నన్ను ఇంకాస్త ఆయన వైపు జరిపారు. అన్నం ముట్టలేదు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద చీటీ మీద 'ఒక బిషప్పుగారి పొడుం డబ్బా' అని రాశారు. ఏ బిషప్పుగారిదో రాయలేదు.