ట్రేని అడగండి

ఆకివీడు చుట్టుపక్కల కొత్తగా రొయ్యల చెరువు తవ్వినవాడెవడైనా ముందు పల్లంరాజుగారి గట్టు మీదికి వెళ్తాడు. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, ఒకే ఒక్క మాట చెబుతారు.

"మేత చేతి సరదా కొద్దీ వేయకూడదండి. చెక్ ట్రే చూసి వేయాలి."

చెక్ ట్రే అంటే మరేం లేదు, అడుగున వల బిగించిన పళ్ళెం. దాంట్లో గుప్పెడు మేత పోసి, తాడు కట్టి చెరువులోకి దించుతారు. కొంతసేపయ్యాక పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే రొయ్యలు తింటున్నట్టు, మేత పెంచొచ్చు. మిగిలితే తగ్గించాలి, లేదంటే అది అడుగున కుళ్ళి చెరువుకి చెరువే పోతుంది. మా రొయ్యలు బ్రహ్మాండంగా తింటున్నాయండీ అని ఎవరైనా మొదలుపెడితే పల్లంరాజుగారు చెయ్యి అడ్డం పెట్టేస్తారు.

"రైతుని అడక్కూడదండి, ట్రేని అడగాలి. రైతు ఆశ కొద్దీ చెబుతాడు. ట్రే ఉన్నదే చెబుతుంది."

ఇంత తెలిసిన మనిషికి తన కడుపులో ఏం పడుతోందో తెలియకపోవడం విడ్డూరమే. కానీ ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే కదా నీతులు ఉన్నవి.

పోయిన వేసవిలో మోకాళ్ళ నొప్పులంటే ఆయన భార్య నాగవల్లిగారు ఆయన్ని భీమవరంలో డాక్టర్ ప్రిస్కిల్లాగారికి చూపించారు. డాక్టరుగారు రిపోర్టులన్నీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రాజుగారూ, షుగరు మీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇంకా లోపలికి రాలేదు. ఇప్పుడైతే వెనక్కి పంపేయొచ్చు."

"గుమ్మంలోకి వచ్చినవాళ్ళని వెనక్కి పంపడం మా ఇంటా వంటా లేదండి," అన్నారు పల్లంరాజుగారు.

డాక్టరుగారు నవ్వలేదు. నాగవల్లిగారు అసలే నవ్వలేదు. చలికాలం వచ్చేలోపు పది కేజీలు తగ్గాలని, తగ్గకపోతే మందులు మొదలవుతాయని, మొదలయ్యాక ఇక వదలవని డాక్టరుగారు తేల్చేశారు. తిరుగు దారిలో, కారు ఊరు దాటకముందే నాగవల్లిగారు తన తీర్పు కూడా చెప్పేశారు.

"మీరు బరువు తగ్గేదాకా మీరు తిన్నదే నేనూ తింటాను. మీ కంచంలో లేనిది నా కంచంలో ఉండదు."

"నీకెందుకు ఈ శిక్ష? నువ్వు అసలే గాలికి పడిపోయేలా ఉంటావు."

"ఎదురుగా కూర్చుని నేను ముద్దపప్పులో నెయ్యేసుకుని తింటుంటే మీరు రాగిజావ తాగుతారా? నాకు ముద్ద దిగదండి."

ఆవిడ ఒకసారి అన్నారంటే అన్నట్టే. మర్నాటి నుంచి ఆ ఇంట్లో పొద్దున్న రాగిజావ, మధ్యాహ్నం పుల్కాలు, నూనె పేరుకి మాత్రం తగిలిన సొరకాయ కూర, రాత్రికి కీరదోస ముక్కలు, మజ్జిగ. పల్లంరాజుగారు వంక పెట్టకుండా తిన్నారు. కంచం దగ్గర అంత బుద్ధిమంతుడు జిల్లాలో ఉండడు. చిక్కల్లా కంచం దగ్గర్నుంచి లేచాకే.

ఆయన లెక్కలో తిండి అంటే కంచంలో తినేది. కంచంలో పడనిదేదీ తిండి కాదు. పొద్దున్నే చెరువుకి వెళ్తూ చొక్కా జేబులో పోసుకునే వేయించిన జీడిపప్పు తిండి కాదు, దారికి తోడు. గట్టు మీది షెడ్డులో డబ్బా నిండా ఉండే చేగోడీలు వచ్చేపోయేవాళ్ళ కోసం. వచ్చినవాళ్ళని ఒంటరిగా తిననివ్వడం మర్యాద కాదు కనుక వాళ్ళతోపాటు నాలుగు నోట్లో వేసుకోవాలి. వాళ్ళు వెళ్ళాక మిగిలినవి మెత్తబడిపోతాయి కనుక వాటి సంగతీ చూడాలి. సాయంత్రం చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల మెకానిక్కు పకోడీ పొట్లం తెస్తే, పాపం అంత దూరం నుంచి తెచ్చాడు, వద్దనడం బాగోదు.

పోనీ ఇదంతా ఆయన ఆలోచించి చేసేదా అంటే అదీ కాదు. కళ్ళు నీళ్ళ మీదో ఫోను మీదో ఉంటాయి. నోరు ఎవరికో సలహా చెబుతూ ఉంటుంది. చెయ్యి మాత్రం తన దారిన తాను జేబులోకి వెళ్ళి వస్తూ ఉంటుంది. పట్టుకుని అడిగితే, పొద్దున్నించి రాగిజావ తప్ప ఏమీ ముట్టలేదని ఆయన ద్వారకా తిరుమల వెంకన్న మీద ఒట్టేసేవారు. నిజమనుకునే వేసేవారు.

నెల తిరిగేసరికి పథ్యం బాగానే పనిచేసింది. కాకపోతే మనిషి మారి పనిచేసింది. ఆయన బరువు గ్రాము కూడా తగ్గలేదు గానీ నాగవల్లిగారు చిక్కి సగమయ్యారు. జాకెట్లు బిగించమని ఇస్తే దర్జీ వీరవేణి టేపు పెట్టి చూసి, "పథ్యం రాజుగారిదని విన్నానండి, మీరేంటండీ ఇలా అయిపోయారు?" అని అడిగేసింది. బంగారు గాజులు అంట్లు తోముతుంటే జారిపోతున్నాయని ఆవిడ తీసి బీరువాలో పెట్టేశారు. ఆ బోసి చేతులు చూసినప్పుడల్లా పల్లంరాజుగారికి బాధేసేది. బాధేసినప్పుడల్లా చెయ్యి జేబులోకి వెళ్ళేది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన అనుమానం ఇంట్లో బరువు చూసే మిషను మీదికి పోయింది. కొత్తది తెప్పించారు. అదీ పాతదాని మాటే మాట్లాడింది. ఇలా కాదని, రొయ్యల పట్టుబడి రోజున కంపెనీవాళ్ళు గట్టు మీదికి పెద్ద కాటా తెస్తే, సరుకంతా తూచాక చెప్పులు విడిచి తనే ఎక్కి నిలబడ్డారు. లక్షల సరుకు తూచేది అబద్ధం చెప్పదు కదా అని ఆయన ధైర్యం. రొయ్యలు కొనే ఏజెంటు ప్రసన్నకుమార్ వంగి అంకె చూశాడు.

"క్వింటాకి రెండు తక్కువండి."

"బట్టలు తడిసున్నాయి కదండీ. తడికి తరుగు తీయరా ఏంటి?"

"రొయ్యలకి తీస్తామండి. రాజుగార్లకి ఇంకా మొదలెట్టలేదు."

గట్టు మీద అందరూ నవ్వారు. పల్లంరాజుగారూ నవ్వారు, నవ్వుతూనే ఎవరో అందించిన జంతిక విరిచి నోట్లో వేసుకున్నారు.

ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఒకరోజు పూజ దగ్గర్నుంచి లేస్తూ నాగవల్లిగారు తూలి తలుపు పట్టుకున్నారు. పల్లంరాజుగారు పరుగున వచ్చారు. ఆవిడని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, బతిమాలుకున్నారు.

"ఈ పంతం ఇంక వదిలెయ్ నాగవల్లీ. నా ఒళ్ళే అంత, మా నాన్నగారి పోలిక. నా ఖర్మ నేను పడతాను, నువ్వు మాత్రం తిను."

"మీరు తగ్గండి, నేను తింటాను," అన్నారు ఆవిడ. ఇంక ఆ మాట మీద మాట లేదు.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. చొక్కాలు ఉతకడానికి వేసేముందు నాగవల్లిగారు జేబులు దులిపేవారు. రోజూ ఇంత చేగోడీ పొడి, ఇంత జీడిపప్పు పొట్టు రాలేది. ఆవిడ ఒక్కనాడూ నోరెత్తలేదు. అడిగితే ఒట్టేస్తారని తెలుసు. నిజమనుకుని ఒట్టేసే మనిషిని నిలదీసి ప్రయోజనం లేదని కూడా తెలుసు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పల్లంరాజుగారు వరండాలో పడక్కుర్చీలో ఉండగా ఆవిడ ఒక స్టూలు తెచ్చి పక్కన వేశారు. దాని మీద చెరువులో వాడని కొత్త చెక్ ట్రే పెట్టారు. ట్రే నిండా అప్పుడే వండిన చేగోడీలు.

"అదేంటి, ట్రే ఇంట్లోకొచ్చింది?"

"వల కదండీ, గాలి తగిలి త్వరగా ఆరతాయి. సాయంత్రం పేరంటానికి. పిల్లి రాకుండా కాస్త చూస్తూ ఉండండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

పిల్లికి కాపలా కూర్చోవడమంటే పల్లంరాజుగారికి లెక్కే లేదు. ఇంతలో ఆయన మేనల్లుడు సందీప్ ఫోను చేశాడు. వాడు ఈ మధ్యే కొల్లేటి వైపు చెరువు తీశాడు.

"మావయ్యగారూ, నీళ్ళు వాసనొస్తున్నాయండి. మేత బాగానే వేస్తున్నాను."

"బాగానే అంటే ఎంత?"

"ఎంతంటే, గట్టు మీద తిరుగుతూ ఎప్పటికప్పుడు వేస్తూనే ఉంటానండి."

"అదే కొంప ముంచేది. ఆకలేసిందో లేదో చూడకుండా పోసుకుంటూ పోతే అదంతా ఎక్కడికి పోతుందిరా? అడుగున పేరుకుంటుంది. పైకేం కనపడదు. లోపల్లోపల చెరువు జబ్బుపడుతుంది."

ఇలా ఆయన చాలాసేపు చెప్పారు. చెరువు గురించి ఆయన మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుంది. ఎంత ప్రేమగా చెబుతారంటే, రొయ్యల బాధ తన కడుపులో ఉన్నట్టే చెబుతారు. చివరికి, "నీ మాట నేను నమ్మను, వెళ్ళి ట్రే పైకి లాగి చూడు," అంటూ తల తిప్పేసరికి నాగవల్లిగారు స్టూలు పక్కన నిలబడి ఉన్నారు. ఆవిడ ట్రే ఎత్తి, చెరువు దగ్గర ఆయన పట్టుకున్నట్టే వెలుతురుకి వంచి చూస్తున్నారు. వలలోంచి అవతల పెరడు కనపడుతోంది.

"పిల్లి వచ్చిందేమో," అన్నారు పల్లంరాజుగారు.

ఆవిడ ఆయన బనీను వైపు చూశారు. ఆయనా చూసుకున్నారు. పొట్ట మీద, ఒళ్ళో, కుర్చీ చేతుల మీద చేగోడీ పొడి. ఆయన గబగబా ఆ పొడి దులుపుకున్నారు.

"తిన్నట్టు గుర్తు లేదు నాగవల్లీ. నిజంగా."

"మిమ్మల్ని అడగలేదండి," అన్నారు ఆవిడ మెల్లగా. "ట్రేని అడిగాను."

ఫోనులో సందీప్ ఇంకా మావయ్యగారూ, మావయ్యగారూ అంటూనే ఉన్నాడు. పల్లంరాజుగారు ఫోను కట్టేశారు. ఆయనకి సిగ్గేసింది. తిన్నందుకు కాదు, అన్ని తినీ ఒక్కదాని రుచైనా తెలియనందుకు. పొయ్యి దగ్గర కూర్చుని, వేగే వాసన పీల్చుకుంటూ, ఒక్కటి నోట్లో వేసుకోకుండా ఆవిడ వండిన చేగోడీలవి. ఇన్నాళ్ళూ ఇటు తను జేబులోంచి తింటుంటే అటు ఆవిడ కంచం ముందు చిక్కిపోతూ వచ్చారు. ఈ సంగతి తట్టేసరికి ఆయనకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందని చెబుదామనుకున్నారు గానీ, రుచే తెలియలేదన్న మనిషి ఆ మాట ఎలా అంటాడు?

మర్నాడు పల్లంరాజుగారు తన చొక్కాలన్నీ మూట కట్టి స్వయంగా వీరవేణి దగ్గరికి పట్టుకెళ్ళారు.

"జేబులన్నీ మూసి కుట్టేయమ్మా."

"జేబులు లేకుండా వేరే కుడతాను, గుడ్డ తెచ్చుకోండి, ఇవన్నీ ఎందుకండీ పాడుచేయడం?"

"జేబు ఉండాలి. దారే ఉండకూడదు."

వీరవేణికి అర్థం కాలేదు గానీ కుట్టి ఇచ్చింది. అప్పటి నుంచి పల్లంరాజుగారి చెయ్యి జేబు దాకా వెళ్ళి, గోడకి కొట్టుకున్నట్టు కొట్టుకుని వెనక్కి వచ్చేది. మొదటిరోజు అది ఎన్నిసార్లు వెళ్తోందో చూసుకుని ఆయనే నివ్వెరపోయారు. షెడ్డులో చేగోడీల డబ్బాని చెరువు అవతలి గట్టు మీది మోటారు గదికి మార్పించారు. కావాలంటే చెరువంతా చుట్టి వెళ్ళాలి. సగం దారిలో, ఎందుకు వెళ్తున్నారో గుర్తొచ్చి నవ్వుకుంటూ వెనక్కి తిరిగేవారు. రెండు మూడుసార్లు తిరగకుండా వెళ్ళి తినే వచ్చారు, అబద్ధమెందుకు. వచ్చినవాళ్ళకి మర్యాదలు మామూలే, ఆయన మాత్రం గ్లాసుడు మజ్జిగ పట్టుకుని కూర్చునేవారు. మరీ నోరు ఊరినరోజు ఒక జంతిక ట్రేలో పెట్టుకుని, ఫోను బోర్లించి, దాన్నే చూస్తూ తినేవారు. జంతికల్లో వాము వేస్తారని యాభై ఏడేళ్ళకి ఆయనకి తెలిసొచ్చింది.

కార్తీకం వెళ్ళాక భీమవరం వెళ్తే డాక్టర్ ప్రిస్కిల్లాగారు కాటా చూశారు, రిపోర్టు చూశారు, ఈసారి నవ్వారు.

"మొత్తానికి గుమ్మంలోంచి పంపేశారన్నమాట."

"పంపలేదండి. లోపల పెట్టడానికేం లేదని తెలిసి దానంతటదే వెళ్ళిపోయింది."

డాక్టరుగారి చూపు నాగవల్లిగారి మీద పడింది. ఆవిడనీ కాటా ఎక్కించారు. నవ్వు ఆగిపోయింది. "రాజుగారూ, ఇంక ఈవిడ తినాలి. అది మీ పూచీ," అన్నారు.

ఆ సాయంత్రమే పల్లంరాజుగారు నేతి సున్నుండలు తెచ్చారు. నాగవల్లిగారికి చిన్నప్పటి నుంచీ అవంటే ప్రాణం. చెక్ ట్రేలో అరిటాకు ముక్క పరిచి, నాలుగు సున్నుండలు పెట్టి ఆవిడ ముందుంచారు. ఆవిడ ఒకటి తీసుకుని, అంచు కొరికి, మళ్ళీ ట్రేలో పెట్టేశారు.

"సయించట్లేదండి. తినడం మర్చిపోయినట్టున్నాను."

ఆయన ట్రే వైపు చూశారు. మేత మిగిలింది. ఇన్నేళ్ళ సాగులో పల్లంరాజుగారికి భయమంటూ వేసిందంటే మిగిలిన ట్రేని చూసే. రొయ్య మేత మానేసిందంటే రైతు గట్టు దిగకూడదు. ఈ భయం అంతకంటే పెద్దది. తినమ్మా అని బతిమాలితే తినే మనిషి కాదు ఈవిడ. ఆయన కాసేపు ఆలోచించి, ఫోను తీసి, పెనుగొండలో ఉన్న ఆవిడ అక్క సూర్యకాంతమ్మగారికి కలిపారు.

"వదినగారూ, మీ చెల్లెలు మాట్లాడతుందంట," అని ఫోను నాగవల్లిగారి ఎడం చేతికిచ్చి, ట్రేని మెల్లగా కుడిచేతి పక్కకి జరిపి, తను దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

అక్కచెల్లెళ్ళు మాటల్లో పడితే ఇక వేరే లోకం అక్కర్లేదు. ఎవరి కోడలు ఏమందో, గుడిలో ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో అన్నీ వచ్చాయి. కొంతసేపటికి నాగవల్లిగారి కుడిచెయ్యి ట్రే వైపు కదిలింది. చెయ్యి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆయన చెయ్యి కూడా అలవాటుగా లేచి, కుట్టేసిన జేబుని తాకి, దిగిపోయింది.

ఫోను పెట్టేసి ఆవిడ ట్రే చూశారు. ఆకు తప్ప ఏమీ లేదు.

"నేను తినలేదండీ," అన్నారు నాగవల్లిగారు, ఒళ్ళంతా సున్నుండల పొడితో.

పల్లంరాజుగారు ఆవిణ్ణి ఏమీ అడగలేదు. ఖాళీ ట్రే చేతిలోకి తీసుకుని, ఇంకో రెండు పెట్టి తేవడానికి వంటింట్లోకి వెళ్ళారు.